గ్రాంటు వస్తుందని మంచాలు పెంచకండి

పిల్లల హోమో, వృద్ధాశ్రమమో, మేధో వైకల్యం ఉన్నవాళ్లకు ఆశ్రమమో పెట్టాలనుకునేవాళ్లు మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో తక్కువేం లేరు. దాదాపు అందరూ మొదట అడిగేది గ్రాంటు ఎంత వస్తుందని. ఎంత అన్నది పథకం మార్గదర్శకాల్లో అచ్చయ్యే ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు. హోంలను ముంచేది వేరే ఉంది. ఆ డబ్బు ఎప్పుడు వస్తుంది, వచ్చేదాకా పొయ్యి ఎలా వెలుగుతుంది?

ప్రభుత్వ గ్రాంటు ఎక్కువగా వెనక నుంచే వస్తుంది. ఏప్రిల్‌లో సంవత్సరం మొదలవుతుంది. కిందటేడు లెక్కలు ఆడిట్ కావాలి, యూసీ (డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ ధ్రువపత్రం) పంపాలి, జిల్లా అధికారి తనిఖీకి రావాలి, ఆ నివేదిక పైకి వెళ్లాలి, అక్కడ పద్దులో డబ్బుండాలి. ఇవన్నీ కుదిరి శాంక్షన్ ఆర్డరు చేతికొచ్చేసరికి చాలాసార్లు జనవరి, ఫిబ్రవరి దాటుతుంది. అప్పటికి అంగడిలో, పాలవాళ్ల దగ్గర, ఇంటి యజమాని దగ్గర బాకీలు పేరుకుని ఉంటాయి. వచ్చిన డబ్బు వాటికే పోతుంది. ఏప్రిల్ ఒకటో తేదీకి మళ్లీ ఖాళీ చేతులు. అందుకే సూటిగా చెప్తున్నాను: కనీసం ఎనిమిది నెలల ఖర్చుకు సరిపడా సొంత నిధో, నమ్మకమైన విరాళాలో లేనివాళ్లు గ్రాంటును నమ్ముకుని హోం తెరవకూడదు. 25 మంచాలున్న హోంను 50 మంచాలు చేయకూడదు. టీటీడీ నడిపే అనాథ పిల్లల ఆశ్రమం ఎస్వీ బాలమందిరాన్ని చూసి మనమూ అలా నడపగలమనుకోవడం పొరపాటు, దాని వెనక దేవస్థానం నిధులున్నాయి.

ఎవరి గడప తొక్కాలి

పిల్లలకు మిషన్ వాత్సల్య. 2009లో మొదలైన సమగ్ర బాలల రక్షణ పథకమే పేరు, రూపం మారి ఇప్పుడిలా నడుస్తోంది. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. స్వచ్ఛంద సంస్థ ఢిల్లీకి నేరుగా రాసుకోవడానికి ఇందులో వీలు లేదు. దారి జిల్లా బాలల రక్షణ యూనిట్ మీదుగా, మహిళా శిశు సంక్షేమ శాఖ మీదుగానే. రెండు వాటాలూ కలిసే కిందికి దిగుతాయి కాబట్టి, రాష్ట్రం వాటా ఆలస్యమైతే కేంద్రం తర్వాతి విడత కూడా ఆగుతుంది. ఏది ఎక్కడ ఆగిందో హోం నడిపేవాళ్లకు కనిపించదు. ప్రతి నెలా యూనిట్‌కు వెళ్లి అడగాల్సిందే.

వృద్ధులకు అటల్ వయో అభ్యుదయ యోజన కింద సీనియర్ సిటిజన్ల సమగ్ర కార్యక్రమం ఉంది. దీనికి దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఈ-అనుదాన్ పోర్టల్‌లో పెట్టాలి. గ్రాంటు కేంద్ర సామాజిక న్యాయ శాఖ నుంచి వస్తుంది. హోంలను మూడు రకాలుగా విడగొట్టారు: నిరుపేద వృద్ధులు 25 మందికి ఒక రకం, 50 మంది వృద్ధ మహిళలకు ఇంకొకటి, అల్జీమర్స్, డిమెన్షియా లాంటి జబ్బులతో నిరంతరం కనిపెట్టుకోవాల్సిన 20 మందికి మరొకటి. మీ దగ్గర 32 మంది ఉన్నా గ్రాంటు చూసేది 25నే. మిగతా ఏడుగురి అన్నం మీదే. ఈ చిన్న సంగతి దగ్గరే చాలామంది బడ్జెట్ తప్పుతుంది.

వికలాంగులకు దీన్‌దయాళ్ దివ్యాంగజన్ పునరావాస పథకం. ఒప్పుకున్న ఖర్చులో 90 శాతం దాకా ఇస్తారు. మానసిక జబ్బుకు వైద్యం పొంది కుదుటపడినవాళ్లు మళ్లీ ఇంటికి చేరేలోపు ఉండే హాఫ్ వే హోంలు కూడా దీని పరిధిలోవే. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా ఇందులో అడుగు పెట్టలేరు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకైతే 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్టు దగ్గర విడిగా నమోదై సమర్థ్, ఘరౌందా అనే వసతి పథకాల సంగతి చూసుకోవాలి. ఇబ్బందుల్లో ఉన్న మహిళల వసతికి మిషన్ శక్తిలో శక్తి సదన్‌లున్నాయి. ఇల్లులేనివాళ్ల రాత్రి బసల సంగతి నగరపాలక సంస్థదీ, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మాదీ. అక్కడ సంస్థ పాత్ర నిర్వహణ వరకే.

వృద్ధుల, వికలాంగుల పథకాలు రెండింటికీ సంస్థ రిజిస్టరై కనీసం రెండేళ్లు గడిచి, పని చేస్తున్నట్టు లెక్కలుండాలి. నిన్న రిజిస్టరైన సొసైటీకి ఇవాళ గ్రాంటు రాదు. ఇప్పిస్తామని చెప్పి "ఖర్చులకు" డబ్బు అడిగే మధ్యవర్తులు కలెక్టరేట్ చుట్టుపక్కల ఎప్పుడూ ఉంటారు. ఈ-అనుదాన్‌లో దరఖాస్తు పెట్టడానికి ఫీజు లేదు, మధ్యవర్తి అవసరమూ లేదు.

పిల్లల విషయంలో ఒక్క మాట గట్టిగా. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం పిల్లలను ఉంచే ప్రతి సంస్థా రిజిస్టర్ కావాలి. ప్రభుత్వం నుంచి పైసా తీసుకోకపోయినా కావాల్సిందే. సర్టిఫికెట్ అయిదేళ్లు చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 42వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. "మేం దాతల డబ్బుతో నడుపుకుంటున్నాం, మాకెందుకు" అనే మాట చెల్లదు.

పేరు, జిల్లా, అడ్రసు

దరఖాస్తులు తిరిగొచ్చేది ఎక్కువగా సేవలో లోపం వల్ల కాదు, పేరులో తేడా వల్ల. సొసైటీ సర్టిఫికెట్‌లో "శ్రీ" ఉంటుంది, పాన్ కార్డులో ఉండదు. బ్యాంకు ఖాతాలో "సంఘం" ఉంటుంది, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ వారి పోర్టల్ ఎన్జీవో దర్పణ్‌లో "సొసైటీ" ఉంటుంది. ప్రభుత్వ చెల్లింపులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్‌లో ఖాతా పేరు సరిపోలకపోతే శాంక్షనైన డబ్బు కూడా జమ కాకుండా వెనక్కి పోతుంది. దరఖాస్తు ఆలోచన వచ్చిన రోజే నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోవాలి: సొసైటీ సర్టిఫికెట్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, దర్పణ్ పేజీ. తేడా ఉంటే ముందు పాన్ సరిచేయించండి. మిగతావన్నీ దాన్నే పట్టుకుని నడుస్తాయి.

మన దగ్గర దీనికి తోడు జిల్లా చిక్కు ఒకటి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. శ్రీకాళహస్తి, చంద్రగిరి, పుత్తూరు వైపు సంస్థల పాత సర్టిఫికెట్లలో చిత్తూరు జిల్లా అని ఉంటుంది, ఇప్పుడు అవి తిరుపతి జిల్లాలో ఉన్నాయి. సూళ్లూరుపేట వైపువాళ్ల కాగితాల్లో నెల్లూరు. ఆన్‌లైన్ దరఖాస్తు జిల్లా పేరును బట్టి సంబంధిత అధికారికి చేరుతుంది. పాత జిల్లా పేరుతో పెడితే అది చిత్తూరు అధికారి లాగిన్‌లో కూర్చుంటుంది, ఆయన "నా పరిధి కాదు" అంటారు, తిరుపతి అధికారికి అది కనిపించదు. దర్పణ్, ఈ-అనుదాన్, పీఎఫ్‌ఎంఎస్ మూడింటిలోనూ జిల్లా మార్చుకున్నాకే దరఖాస్తు నొక్కాలి.

ఏటా కమిటీ సభ్యుల జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వడం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం తప్పనిసరి. అయిదేళ్లుగా ఇవ్వని సంస్థలు చాలా ఉన్నాయి. తనిఖీలో అధ్యక్షుడిగా ఒకరు సంతకం పెడితే రిజిస్ట్రార్ రికార్డులో ఇంకొకరు అధ్యక్షులుగా ఉంటారు. ఫైలు అక్కడే ఆగిపోతుంది. అద్దె భవనమైతే అగ్రిమెంటు గడువు గ్రాంటు సంవత్సరం మొత్తానికీ ఉండాలి, అద్దె సమంజసమేనని రోడ్లు భవనాల శాఖ వంటి అధికారి నుంచి ధ్రువీకరణ అడుగుతారు. అగ్నిమాపక, పారిశుధ్య, భవన దృఢత్వ సర్టిఫికెట్ల తేదీలు గోడ మీద ఒక చార్టు రాసి పెట్టుకోండి. తనిఖీ వారంలో పరుగెత్తితే ఏ ఆఫీసూ ఇవ్వదు.

మూడు వేల రూపాయల్లో ఏం వస్తుంది

మిషన్ వాత్సల్యలో హోంలో ఉన్న పిల్లకో పిల్లాడికో నెలకు 3,000 రూపాయల పోషణ గ్రాంటు. దీనికి ముందు ఇది 2,160. సిబ్బంది జీతాలు విడిగా ఉంటాయి. తిండి, బట్టలు, సబ్బు, నూనె మాత్రం ఈ మూడు వేలల్లోనే చూసుకోవాలి. రోజుకు 100 రూపాయలు. 50 మంది ఉన్న హోంకు నెలకు లక్షా యాభై వేలు.

జువెనైల్ జస్టిస్ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల్లో ఆహార పట్టిక ఉంది. రోజుకు ఒక్కొక్కరికి బియ్యమో గోధుమో రాగో జొన్నో 600 గ్రాములు, పప్పు 120 గ్రాములు, వంటనూనె 25 గ్రాములు, పాలు 150 మిల్లీలీటర్లు, ఆకుకూర 100 గ్రాములు, వేరే కూరగాయలు 130 గ్రాములు. పైన వారానికొకసారి కోడికూర, లేదా నాలుగు రోజులు గుడ్లు. రాగిసంగటి ఈ పట్టికలో చక్కగా ఇముడుతుంది. మన పిల్లలు ఇష్టంగా తినేదీ అదే. ఇప్పుడు 50 మందికి గుణించండి. బియ్యం రోజుకు 30 కిలోలు, నెలకు 900. పప్పు రోజుకు 6 కిలోలు, నెలకు 180. నూనె నెలకు 37.5 కిలోలు. పాలు నెలకు 225 లీటర్లు. బియ్యం కిలో 50, కందిపప్పు 120, నూనె 140, పాలు లీటరు 60 అని వేసుకుంటే ఈ నాలుగింటికే 85,350 రూపాయలు. ఇక మిగిలింది 64,650, అంటే ఒక్కొక్కరికి నెలకు 1,293. కూరగాయలు, గుడ్లు, చికెన్, ఎర్రగడ్డలు, చింతపండు, గ్యాసు, బట్టలు, చెప్పులు, సబ్బులు, ఆడపిల్లల ప్యాడ్లు, పండగలు, అన్నీ అందులోంచే. గట్టిగా పట్టుకుంటే సరిపోతుంది. ఒక్క నెలలో పప్పు ధర పెరిగినా, జ్వరాలు చుట్టుముట్టినా సరిపోదు.

బియ్యం ఖర్చు తగ్గించుకోవడానికి న్యాయమైన దారి ఒకటుంది. సంక్షేమ సంస్థలకు రాయితీ ధరకు ధాన్యం కేటాయించే కేంద్ర పథకం పౌరసరఫరాల శాఖ ద్వారా నడుస్తుంది. దీనికి జాయింట్ కలెక్టర్ పేరిట, ఉన్నవాళ్ల జాబితాతో, మీ శాఖ అధికారి సిఫారసుతో అర్జీ పెట్టాలి. అయితే ఇలా వచ్చిన బియ్యం స్టాకు విడి పేజీలో రాయాలి, కొన్న బియ్యంతో కలపకూడదు. కలిపితే రాయితీ బియ్యాన్ని బయటి ధరకు బిల్లు పెట్టారన్న అనుమానం వస్తుంది, దాన్ని కడుక్కోవడం చాలా కష్టం.

ఆడిటర్ చేసే మొదటి లెక్క కూడా పైన చెప్పిన గుణకారమే. హాజరు పట్టీలో నెల మొత్తం మీద 1,380 హాజర్లుంటే బియ్యం ఎంత ఖర్చు కావాలో ఆయన కాగితం మీద వేసి, స్టాక్ రిజిస్టర్‌లో ఎంత రాశారో చూస్తారు. రెండూ గ్రాము తేడా లేకుండా కలిశాయంటే అది మరీ అనుమానం. పిల్లలు రోజూ ఒకేలా తినరు. ప్రతి పూటా తూకం వేసి తీసిన లెక్క రాస్తే అంకెల్లో సహజంగా ఎగుడుదిగుడు ఉంటుంది. వారం చివర కూర్చుని ఒకే పెన్నుతో ఏడు రోజులది నింపిన రిజిస్టర్‌ను చూసిన కళ్లు ఇట్టే పట్టేస్తాయి.

పుట్టినరోజు భోజనాలు, రైతుబజార్ కూరగాయలు

తిరుపతిలో హోంలకు అన్నదానం చేసేవాళ్లకు కొదవ లేదు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పెద్దల తద్దినాలు. మంచిదే, దానితోనే చాలా హోంలు నిలబడుతున్నాయి. కానీ దాత మధ్యాహ్నం భోజనం తెచ్చిన రోజు కూడా స్టాక్ రిజిస్టర్‌లో మూడు పూటల బియ్యం తీసినట్టు రాస్తే అది తప్పుడు లెక్క అవుతుంది. దాతేమో ఫోటో తీసి తారీఖుతో ఫేస్‌బుక్‌లో పెట్టి ఉంటారు. కాబట్టి వస్తువిరాళాల రిజిస్టర్ ఒకటి విడిగా పెట్టి, తేదీ, దాత సంతకం, ఏ పూట, ఎంతమందికి, ఏ పదార్థాలు అన్నది రాయండి. ఆ పూట స్టాకులోంచి ఏమీ తీయనట్టు పక్కనే రాయండి. కల్యాణమండపంలో మిగిలిన అన్నం రాత్రి పదింటికి వ్యానులో వస్తే తీసుకోవద్దు. వేసవిలో సాంబారు, పెరుగన్నం నాలుగు గంటలు ఆగవు. వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సింది మీరే.

ఫోటోల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హోంలోని పిల్లల పేరు, ముఖం, బడి, గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. శిక్ష ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కేకు కోస్తూ పిల్లలను వెనక వరసలో నిలబెట్టి తీసి బయటపెట్టే ఫోటో ఈ నేరం కిందికే వస్తుంది. దాత నొచ్చుకుంటారని మొహమాటపడకండి. గేటు దగ్గరే బోర్డు పెట్టేస్తే మాట అనాల్సిన పని ఉండదు. ఆ పిల్ల రేపు పెద్దదై ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఈ ఫోటో ఆమె వెంట రాకూడదు.

కూరగాయల బిల్లు ఇంకో పీటముడి. రైతుబజార్‌లో కొంటే చవక, తాజా. కానీ అక్కడ రైతు బిల్లు ఇవ్వరు. సొంత వోచర్ రాసుకోవచ్చు: తేదీ, కూరగాయ, తూకం, ధర, మొత్తం, కొన్నవాళ్ల సంతకం, చూసినవాళ్ల సంతకం. దానికి ఆ రోజు ధరల బోర్డు ఫోటో జతచేస్తే ఆడిట్‌లో ఎవరూ వేలెత్తి చూపలేరు. ఇది చిన్న పని, కానీ టమాటా విషయంలో ప్రాణం కాపాడుతుంది. మదనపల్లె మార్కెట్లో ధర ఎలా లేచి పడుతుందో మనకందరికీ తెలుసు, ఏడాది తర్వాత ఫైలు తెరిచే ఆడిటర్‌కు తెలియదు. ఒక నెల కిలో 15కు కొన్న హోం ఇంకో నెల 90కి కొన్నట్టు రాస్తే ఆయన ఎర్రసిరాతో చుట్టుగీస్తారు. పక్కన బోర్డు ఫోటో ఉంటే ఆ చుట్టు అక్కడితో ఆగుతుంది.

హాజరు దగ్గరే గ్రాంటు కోసుకుపోతుంది

గ్రాంటు మంచాలకు ఇవ్వరు, మనుషులకు ఇస్తారు. అదీ కాగితం మీద నిలిచే మనుషులకు.

పిల్లల హోంలో బాలల సంక్షేమ కమిటీ ఆర్డరు లేని పిల్ల లెక్కలోకి రాదు. తిరుపతి రైల్వేస్టేషన్లో, బస్టాండులో, కొండ మీద తప్పిపోయిన పిల్లలు, ఇళ్లు వదిలి వచ్చిన పిల్లలు తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ చేరుతుంటారు. దొరికిన పిల్లను ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా కమిటీ ముందు హాజరుపరచాలి. "పాపం, పెద్దాయన తీసుకొచ్చి వదిలారు" అని అలాగే ఉంచుకుంటే గ్రాంటు రాకపోవడం అటుంచి, నేరం మీ మీద పడుతుంది. ఆర్డరు వచ్చాక వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక, సామాజిక పరిశీలన నివేదిక, వైద్య పరీక్ష కాగితాలు ఫైలులో ఉండాలి. చాలామంది పిల్లలు పది పదిహేను రోజుల్లో తల్లిదండ్రుల దగ్గరకు చేరిపోతారు. అదే మనం కోరుకోవాల్సింది కూడా. కానీ ఆ మంచం నెలలో సగం రోజులు ఖాళీ. వంటమనిషికీ రాత్రి కాపలా మనిషికీ జీతం మాత్రం నెల మొత్తానిది. మన ఊరి హోంల బడ్జెట్ ఎప్పుడూ నిండా ఉన్నట్టు కాకుండా, నాలుగింట మూడొంతులు నిండినట్టే వేసుకోవాలి.

ఇంకో విషయం. తల్లి బతికే ఉండి, పేదరికం వల్ల మాత్రమే పిల్లను వదలాలనుకుంటే, హోంలో చేర్చుకునే ముందు మిషన్ వాత్సల్యలోని స్పాన్సర్‌షిప్ గురించి చెప్పండి. వితంతువులు, విడిపోయినవాళ్లు, ప్రాణాంతక జబ్బు ఉన్నవాళ్ల పిల్లలకు ఇంట్లోనే ఉండగా నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి 72,000, మిగతాచోట్ల 96,000 మించకూడదు. హోంకు ఇచ్చే పోషణ గ్రాంటు కంటే ఇదే ఎక్కువ. ప్రభుత్వం మొగ్గు ఎటో దీన్నిబట్టే తెలుస్తుంది, నా దృష్టిలో అది సరైన మొగ్గు. హోం నింపుకోవడం కోసం ఊళ్లు తిరిగి పిల్లలను పోగుచేయడం పిల్లలకు చేసే అన్యాయం.

వృద్ధుల హాజరుకు వేరే చిక్కులు. ఎన్టీఆర్ భరోసా పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000. ఒకటో తేదీన సచివాలయం సిబ్బంది ఇంటి దగ్గరకు తెచ్చిస్తారు. తాతకో అవ్వకో కార్డు సొంత ఊళ్లో ఉంటే, నెలాఖరున బస్సెక్కి వెళ్లి మూడు నాలుగు రోజులు అక్కడే ఉంటారు. సరిగ్గా ఆ రోజుల్లో తనిఖీ వస్తే 25లో 14 మందే కనిపిస్తారు. నివేదికలో ఆ అంకే పడుతుంది. దీనికి విరుగుడు రెండు: పింఛనును హోం ఉన్న సచివాలయానికి బదిలీ చేయించడం, వెళ్లినవాళ్ల పేరు, తేదీ, ఎక్కడికి, ఎప్పుడు వస్తారన్నది రాసే సెలవు రిజిస్టర్ పెట్టడం. ఆ పింఛను మాత్రం ఆ మనిషిదే. గ్రాంటు తీసుకునే హోం నిరుపేదలకు ఉచితంగా నడవాలి. పింఛనులో "నెలకు రెండు వేలు హోంకు" అని తీసుకున్నట్టు ఒక్క పెద్దమనిషి చెప్పినా గ్రాంటు అక్కడితో ఆగుతుంది, ఆగాలి కూడా.

కొండ కింద వదిలేసి వెళ్లిపోయిన ముసలివాళ్లకు ఆధార్ ఉండదు, కొందరికి పేరు కూడా గుర్తుండదు. అలాంటివాళ్లను చేర్చుకునేటప్పుడు పోలీస్ స్టేషన్లో జనరల్ డైరీ నమోదు చేయించి దాని నకలు తీసుకోండి. చేరిక ఫైలులో మొదటి కాగితం అదే. 14567 ఎల్డర్‌లైన్‌కు కూడా చెప్పండి, బంధువుల ఆచూకీ పట్టడంలో సాయం చేస్తారు. వేలిముద్రలు అరిగినవాళ్లకు కంటిపాపతో ఆధార్ నమోదు అడగండి. ఇలా చేరినవాళ్లు చనిపోతే, దహనానికి ముందే స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. అంత్యక్రియల ఖర్చుకు గ్రాంటులో పద్దు వెతుక్కోకండి, దానికి విరాళాల్లోంచి చిన్న నిధి విడిగా ఉంచుకోండి.

జీతాలు

పథకాల్లో ఇచ్చే గౌరవవేతనాలు ఏళ్ల తరబడి మారవు. రాత్రంతా మెలకువగా ఉండి డిమెన్షియా ఉన్నవాళ్లను చూసుకునే ఆయమ్మకు అందులో రాసిన డబ్బుతో మనిషి దొరకదు. పై మొత్తం విరాళాల నుంచి కలిపి ఇవ్వాల్సి వస్తుంది. కలపండి, కానీ రెండు భాగాలూ బ్యాంకు ద్వారానే, రెండు పద్దుల్లో. గ్రాంటు ఖాతా నుంచి పూర్తి జీతం వేసి కొంత నగదుగా వెనక్కి తీసుకోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన జబ్బు. అది మోసం. ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటు. ఉద్యోగం మానేసిన ఒక్క మనిషి చాలు. సిబ్బంది పదిమందికి చేరితే ఈఎస్‌ఐ, ఇరవైకి చేరితే పీఎఫ్ సంగతి చూసుకోవాలి. యజమాని వాటా చాలా గ్రాంట్లలో విడిగా ఉండదు, దాన్ని ముందే లెక్కలో వేసుకోండి.

బాండు, యూసీ, వడ్డీ

కేంద్ర గ్రాంటుకు ముందు బాండు రాయించుకుంటారు. షరతులు తప్పితే తీసుకున్న మొత్తాన్ని ఏటా 10 శాతం వడ్డీతో తిరిగి కట్టాలని, ఆ బాధ్యత కమిటీ సభ్యులందరిదీ ఉమ్మడిగానూ విడివిడిగానూ అని అందులో ఉంటుంది. మర్యాదకు పేరిచ్చిన రిటైర్డ్ మాస్టారుకు, పక్కింటి డాక్టరుగారికి ఈ సంగతి చెప్పి, బాండు చదివించి, అప్పుడే సంతకం అడగాలి. చెప్పకుండా పెట్టించుకోవడం ఎంతమాత్రం తగదు.

ప్రతి పథకానికీ విడి బ్యాంకు ఖాతా. గ్రాంటు రాని నెలల్లో విరాళాల ఖాతా నుంచి చేబదులు వాడినప్పుడు కమిటీ తీర్మానం రాసి, ఏ నెలలో ఏ పద్దుకు ఎంత అన్నది పట్టికగా పెట్టుకోవాలి. గ్రాంటు వచ్చాక ఆ మొత్తమే తిరిగి వేయాలి. తీర్మానం లేకుండా మార్చిలో ఒక్కసారిగా అయిదారు లక్షలు గ్రాంటు ఖాతా నుంచి ఇంకో ఖాతాకు వెళితే ఆడిటర్ దృష్టిలో అది దారిమళ్లింపే.

యూసీ 2017 సాధారణ ఆర్థిక నియమాల్లోని జీఎఫ్‌ఆర్ 12-ఏ నమూనాలో ఉండాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా ఇవ్వాలన్నది నియమం. అన్ని నెలలు ఆగితే మీ తర్వాతి గ్రాంటు కూడా అన్ని నెలలు ఆగుతుంది. జూన్ లోపు ఆడిట్ ముగించిన సంస్థల ఫైళ్లే ముందు కదులుతాయి. యూసీలోని అంకె, ఆడిట్ చేసిన రాబడి చెల్లింపుల పట్టికలోని అంకె, పీఎఫ్‌ఎంఎస్‌లో నమోదైన ఖర్చు, మూడూ ఒక్కటే కావాలి. కేంద్రం నేరుగా ఇచ్చిన గ్రాంటుపై బ్యాంకు వేసిన వడ్డీ సంస్థది కాదు. కేంద్రానికి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే పోర్టల్ భారత్‌కోశ్ ద్వారా తిరిగి జమచేసి చలానా యూసీకి జతచేయాలి. రెండు మూడు వందల రూపాయల వడ్డీ వదిలేసినందుకు మొత్తం ఫైలు ప్రశ్నతో వెనక్కి వస్తుంది.

గ్రాంటుతో కొన్న ఫ్రిజ్, మంచాలు, ఇన్వర్టర్, వీల్‌చైర్లు ఆస్తుల రిజిస్టర్‌లో తేదీ, బిల్లు నంబరు, ధరతో ఎక్కాలి, వస్తువు మీద పెయింటుతో నంబరు రాయాలి. పాడైపోయినా ముందస్తు అనుమతి లేకుండా అమ్మకూడదు, పాత సామాన్ల వాడికి వేయకూడదు. హోం మూసేయాల్సి వస్తే పిల్లలను ఎక్కడికి పంపాలో బాలల సంక్షేమ కమిటీ నిర్ణయిస్తుంది, మీరు కాదు. అందుకే చేతిలో మూడు నెలల ఖర్చు ఉండగానే కమిటీకీ జిల్లా యూనిట్‌కూ రాతపూర్వకంగా చెప్పండి. గ్రాంటు ఆస్తుల జాబితా, మిగిలిన నిధుల లెక్క ఆ లేఖతోనే ఇవ్వండి. డబ్బు పూర్తిగా అయిపోయాక చెబితే పిల్లలను ఒక్క రాత్రిలో మూడు ఊళ్లకు విడగొట్టి పంపాల్సి వస్తుంది, అన్నదమ్ములను కూడా.